స్టవ్ మీదకి చిమ్నీ ఎంచుకోవడం ఎలా: గోడ దగ్గర మొదలుపెట్టి బిల్లు దాకా

చిమ్నీ కొందామని షాపుకి వెళ్తే సేల్స్ అబ్బాయి నోట్లోంచి మొదట వచ్చేది సక్షన్ నంబరే. 1200 ఉందండి, 1350 ఉందండి, ఇంకో నాలుగు వేలు వేసుకుంటే 1500 వస్తుందండి అంటాడు. మనం కూడా నంబరు పెద్దదైతే పొగ ఎక్కువ లాగుతుంది అనుకుని దాన్నే తెచ్చేసుకుంటాం. తీరా బిగించాక ఎండుమిర్చి పోపు వేస్తే హాల్లో టీవీ చూసేవాళ్ళు కూడా దగ్గుతూనే ఉంటారు, అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం. నేను చూసిన ఇళ్ళల్లో చాలావరకు తప్పు మెషీన్‌ది కాదు, పైపుది, లేదంటే లోపలికి గాలి వచ్చే దారి లేకపోవడం. అందుకే ఇక్కడ వరస తిరగేసి చెప్తున్నా. ముందు గోడ, పైపు, ఆ తర్వాతే హుడ్డు (స్టవ్ పైన పొగని పట్టుకునే కప్పు), ఫిల్టరు, మోటరు, డబ్బులు. ఇల్లు ఇంకా కట్టే దశలో ఉన్నా, వుడ్ వర్క్ మొదలుకాకపోయినా మీరు అదృష్టవంతులే, సగం సమస్యలు ఇప్పుడే తప్పించుకోవచ్చు.

స్టెప్ 1: చిమ్నీయే కావాలా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలా

స్టవ్ మీంచి వచ్చేవి మూడు రకాలు. ఒకటి ఆవిరి, అన్నం పప్పు ఉడికేటప్పుడు వచ్చేది, దీంతో గోడలకి చెమ్మ తప్ప పెద్ద నష్టం లేదు. రెండోది నూనె పొగ. పోపుల్లో వేపుళ్ళలో నూనె సన్నటి తుంపరలై పైకి లేస్తుంది, అదే పోయి అటక మీద, ట్యూబ్‌లైట్ మీద, పోపుల డబ్బా మూత మీద కూర్చుని దుమ్ము పట్టించుకుని గోరుతో గీకితే గాని రాని జిడ్డు అవుతుంది. మూడోది కంటికి కనపడదు. గ్యాస్ మంట వేడికి గాల్లో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ తయారవుతుంది, దాంతోపాటు కాస్త కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో పెద్దవాళ్ళో ఉంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి, వట్టి నీళ్ళు కాచినా సరే గ్యాస్ స్టవ్ వెలిగిందంటే ఆ గాలి బయటికి పోవాల్సిందే. ఇండక్షన్ వాళ్ళకి ఈ మూడోది ఉండదు, కానీ అప్పడాలు వేయించారంటే నూనె పొగ మాత్రం సేమ్ టు సేమ్.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి, చిమ్నీకి అసలు తేడా ఏంటంటే చిమ్నీ పొగని పుట్టిన చోటే పట్టుకుంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ పొగ గదంతా పాకాక నెమ్మదిగా బయటికి తోస్తుంది. ఇద్దరు ముగ్గురున్న ఇల్లు, వంటింటికి తలుపు ఉంది, స్టవ్‌కి దగ్గర్లో బయటి గోడ ఉంది, వేపుళ్ళు వారానికి ఒకటి రెండుసార్లే అంటే నిజం చెప్తున్నా, ఇనుప రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి 9 అంగుళాలదో 12 అంగుళాలదో పెట్టుకుంటే హాయిగా సరిపోతుంది, ఖర్చు చిమ్నీలో పదో వంతు. అద్దె ఇంటి వాళ్ళకి కూడా నా ఓటు దీనికే, ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వరు కదా, ఫ్యానైతే వెంటిలేటర్‌లో కూర్చోబెట్టొచ్చు. ఓపెన్ కిచెన్ అయితే మాత్రం ఫ్యాన్ పనికిరాదు, పొగ ఫ్యాన్ దాకా వెళ్ళేలోపే సోఫాల్లో చేరిపోతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేవాళ్ళకి ఒక్క మాట. చాలామంది ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ బార్లా తీసి పెడతారు, గాలి ఆడుతుంది కదా అని. అలా చేస్తే ఆ కిటికీలోంచి వచ్చిన గాలే చుట్టు తిరిగి ఫ్యాన్‌లోంచి పోతుంది, స్టవ్ దగ్గర పొగ అక్కడే ఉంటుంది. పక్క కిటికీ మూసేసి ఎదురుగా ఉన్న తలుపు తీయండి, గాలి తలుపులోంచి వచ్చి స్టవ్ మీదుగా ఫ్యాన్‌లోకి పోవాలి. పైసా ఖర్చు లేదు, ఈరోజే చేసి చూడొచ్చు.

స్టెప్ 2: పొగ బయటికి ఎక్కడికి పోతుందో తేల్చుకోండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, దీని మీద ఎంత టైమ్ పెట్టినా తక్కువే.

మన ఇళ్ళల్లో స్టవ్ ఎక్కడ పెట్టాలో మనం కాదు, వాస్తు చెప్తుంది. ఆగ్నేయం మూల, వంట చేసేవాళ్ళు తూర్పు మొహం పెట్టాలి. అంటే స్టవ్ తూర్పు గోడ వైపు వెళ్తుంది. సరిగ్గా ఆ గోడకే బిల్డరు కిటికీ పెట్టి ఉంటాడు, వెలుతురు కోసం. ఇప్పుడు చిమ్నీ ఎక్కడ తగిలించాలి? కిటికీ మీద తగిలించలేం, దాని పైన లింటెల్, ఇంకా పైన బీమ్. అప్పుడు మూడు దారులున్నాయి. స్టవ్‌ని కిటికీ పక్కకి, అదే గోడకి ఒక రెండున్నర మూడు అడుగులు జరపడం, వాస్తుకీ ఇబ్బంది లేదు, చిమ్నీకీ గోడ దొరుకుతుంది. లేదా కిటికీ పై భాగం గ్లాసు తీసి అక్కడ షీట్ బిగించి దాంట్లోంచి పైపు పంపడం. అదీ కుదరకపోతే కిటికీని చిన్నది చేయడం, ఇది సొంత ఇల్లు కడుతున్నవాళ్ళకే. మేస్త్రీ గోడ లేపకముందే చెప్తే కిటికీని పక్కకి జరపడం పెద్ద పనేం కాదు, ప్లాస్టరింగ్ అయ్యాక చెప్తే మొహం మాడ్చుకుంటాడు.

తర్వాత, ఆ గోడకి అవతల ఏముందో బయటికి వెళ్ళి చూడండి, నిజంగా వెళ్ళి చూడండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలావాటిల్లో వంటింటి వెనకాల యుటిలిటీ ఉంటుంది, వాషింగ్ మెషీన్, బట్టల తీగలు అక్కడే. పైపు అక్కడ వదిలేస్తే చేపల పులుసు వాసనంతా ఉతికిన బట్టలకి పడుతుంది, యుటిలిటీకి గ్లాసు స్లైడింగ్ పెట్టించుకున్నవాళ్ళకైతే ఆ పొగ తిరిగి వంటింట్లోకే వస్తుంది. పైపుని యుటిలిటీ దాటించి బయటి గాల్లోకి తీసుకెళ్ళాలి. కొన్ని ఇళ్ళల్లో అవతల డక్ట్ షాఫ్ట్ ఉంటుంది, అందులోకే అన్ని ఫ్లాట్ల బాత్రూమ్ వెంటిలేటర్లూ తెరుచుకుంటాయి, అందులోకి వదిలితే పైవాళ్ళతో రోజూ గొడవే. అసోసియేషన్‌ని ముందే అడిగి రాయించుకోండి, బయట ఎలివేషన్ పాడవుతుందని తర్వాత అభ్యంతరం పెట్టే కమిటీలు బోలెడు.

ఇంకొకటి, ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. కొంతమంది వుడ్ వర్క్ వాళ్ళు పైపుని బయటి దాకా తీసుకెళ్ళే ఓపిక లేక ఫాల్స్ సీలింగ్ పైన వదిలేస్తారు. పైకి నీట్‌గానే ఉంటుంది. మా పిన్ని వాళ్ళింట్లో రెండేళ్ళయ్యాక సీలింగ్ మీద పసుపు మరకలు వస్తే లీకేజీ అనుకుని ప్లంబర్‌ని పిలిచారు, ఒక షీట్ ఊడదీస్తే వైర్ల మీద, జిప్సం మీద నూనె చిక్కగా పేరుకుని ఉంది, చెయ్యి పెడితే జిగురులా సాగింది. వైర్ల దగ్గర అంత నూనె పేరుకుంటే ఒక చిన్న స్పార్క్ చాలు కదా.

స్టెప్ 3: పైపు సైజు, పొడవు, వంపులు

మామూలు చిమ్నీకి పైన వచ్చేది 6 అంగుళాల పైపు, అంటే 150 మిల్లీమీటర్లు. గోడకి కన్నం కూడా అంతకి తగ్గకూడదు. కొందరు పాత 4 అంగుళాల పీవీసీ పైపు ఉంది కదా అని రెడ్యూసర్ (పెద్ద పైపుని చిన్న పైపుకి కలిపే ముక్క) పెట్టి దాంట్లోకి కలిపేస్తారు. 6 అంగుళాల గొట్టానికి నోరు సుమారు 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాల దానికి పన్నెండున్నర. సగం కన్నా తక్కువ. మోటరు గోల పెట్టి అరుస్తుంది, పొగ మాత్రం కదలదు.

ఇక్కడే ఆ సక్షన్ నంబరు కథ కూడా చెప్పేస్తా. 1200 అంటే గంటకి 1200 క్యూబిక్ మీటర్ల గాలి. అంత గాలి 6 అంగుళాల గొట్టంలోంచి పోవాలంటే సెకనుకి దాదాపు 19 మీటర్ల వేగం కావాలి, గంటకి 68 కిలోమీటర్లు. గాలివానలో చెట్ల కొమ్మలు విరిగే వేగం అది. ముడతల పైపులో, రెండు వంపులు తిరిగి, చివర జాలీ దాటి అంత వేగంగా పోవడం అయ్యే పని కాదు. బాక్స్ మీద వేసేది సాధారణంగా అడ్డేమీ లేనప్పుడు ఫ్యాన్ తోసే గాలి. మీ ఇంట్లో వచ్చేది దానికన్నా తక్కువే, ఎంత తక్కువ అనేది పూర్తిగా పైపు చేతిలో ఉంటుంది.

పైపు విషయంలో పాటించాల్సినవి ఇవి. స్టవ్ నుంచి బయటి గోడకి దూరం వీలైనంత తక్కువ ఉండాలి, 6 నుంచి 8 అడుగుల లోపైతే బాగు. వంపులు ఒకటి, మహా అయితే రెండు. వంపు తప్పనిసరైతే నిలువు మూలలా కాకుండా సాఫీగా తిరిగే బెండ్ వేయించండి, లేదా రెండు 45 డిగ్రీల బెండ్లు. చిమ్నీతో వచ్చే అల్యూమినియం ముడతల పైపు లోపల ప్రతి ముడతా గాలికి అడ్డే, నూనె నిలవడానికి చోటే, అందుకని దాన్ని పూర్తిగా సాగదీసి బిగించాలి, మిగిలిన ముక్క కోసేయాలి. ఫిటింగ్ అబ్బాయిలు కోయకుండా మిగతాదంతా కబోర్డులో పాములా మడిచి తోసేస్తారు, దగ్గరుండి కోయించండి. దూరం ఎక్కువైతే లోపల నున్నగా ఉండే 6 అంగుళాల పీవీసీ పైపు వేసుకోవడం మన దగ్గర మామూలే, గాలి బాగా పోతుంది, చూడ్డానికీ బాగుంటుంది. పైపు బయటి వైపుకి కొంచెం వాలుగా ఉంటే నూనె, నీళ్ళు వెనక్కి మోటరు మీదకి కారవు.

బయట చివర కౌల్ కవర్ పెట్టించాలి, రెక్కలు గాలికి తెరుచుకుని ఆగితే మూసుకునే రకం. అది లేకపోతే వర్షం జల్లు, బల్లులు, పావురాలు. పావురం సంగతి తేలిగ్గా అనుకోకండి, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి గూడు కట్టేస్తుంది. అయితే కౌల్ మీద దోమల జాలీ మాత్రం వద్దు, కొన్ని నెలల్లో జిడ్డుతో మొత్తం పూడుకుపోతుంది.

కన్నానికి కోర్ కటింగ్ మెషీన్ ఉన్నవాడినే పిలవండి, గుండ్రంగా నీట్‌గా వస్తుంది, సుత్తీ శానంతో కొడితే అవతల టైల్స్ పగులుతాయి. ఇటుక గోడకే కొట్టాలి. బీమ్‌కి, కాలమ్‌కి కన్నం పెడితే ఇనుము తెగుతుంది, అది మీ ఒక్క ఫ్లాట్ సమస్య కాదు, మొత్తం బిల్డింగ్‌ది.

స్టెప్ 4: లోపలికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది

చిమ్నీ ఎంత గాలి బయటికి పంపితే అంత గాలి ఎక్కడో అక్కడ లోపలికి రావాలి. ఏసీ చల్లదనం పోతుందని వంటింటి తలుపు మూసి, కిటికీలు మూసి చిమ్నీ ఆన్ చేస్తే మోటరు తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. కొత్త యూపీవీసీ కిటికీలున్న ఫ్లాట్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాటికి సందులుండవు.

దీన్ని అగరబత్తీతో చూడొచ్చు. చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో పెట్టి, అన్నీ మూసేసి, అగరబత్తీ వెలిగించి స్టవ్ అంచు దగ్గర, అంటే మీ నడుము వైపు అంచు దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా లేచి హుడ్డు వైపు వంగి లోపలికి పోవాలి. అటూ ఇటూ తచ్చాడుతుంటే ఇప్పుడు హాల్ వైపు తలుపు తీయండి. ఒక్కసారిగా పొగ హుడ్డులోకి దూకితే మీ చిమ్నీకి ఏ రోగమూ లేదు, గాలే అందట్లేదు. తలుపు తీసినా అలాగే ఉంటే పైపు వైపు చూడాలి. తెరిచే కిటికీ స్టవ్‌కి దూరంగా ఉన్నదై ఉండాలి, పక్కనే ఉన్న కిటికీ తీస్తే ఆ గాలి విసురుకి పొగ పక్కకి కొట్టుకుపోతుంది. సీలింగ్ ఫ్యాన్ సంగతీ అంతే. వంటింట్లో సీలింగ్ ఫ్యాన్ వేసుకుని చిమ్నీ పనిచేయట్లేదంటే దాని తప్పేముంది.

గ్యాస్ గీజరు వంటింట్లోనో, దానికి తలుపు లేని యుటిలిటీలోనో ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అన్నీ మూసేసి చిమ్నీ నడిపితే గీజరు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ని లోపలికి లాగే ప్రమాదం ఉంది, దానికి రంగూ ఉండదు వాసనా ఉండదు. ఆ రెండూ ఒకేసారి నడపొద్దు, ఒక కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండాలి.

స్టెప్ 5: ఇప్పుడు హుడ్డు, వెడల్పు, లోతు, ఎత్తు

చిమ్నీలు మన దగ్గర 60, 75, 90 సెంటీమీటర్ల వెడల్పుల్లో దొరుకుతాయి. టేప్ తీసుకుని స్టవ్ కొలవండి, చిమ్నీ కనీసం దానంత ఉండాలి, రెండు పక్కలా కాస్త ఎక్కువుంటే మరీ మంచిది. రెండు బర్నర్ల స్టవ్‌కి 60 చాలు. మూడు బర్నర్లైతే 75 లేదా 90, నాలుగు బర్నర్లు పొడుగ్గా ఉన్న గ్లాస్ టాప్ అయితే 90 తప్పదు. పొగ లేచేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి చివరి బర్నరు మీద పెట్టిన మూకుడు హుడ్డు అంచు బయటికి ఉంటే ఆ పొగ సగం తప్పించుకుంటుంది.

వెడల్పు అందరూ చూస్తారు, లోతు ఎవరూ చూడరు. గోడ నుంచి ముందుకి హుడ్డు ఎంత వస్తుందనేది లోతు. ఇప్పుడు షోరూముల్లో నల్ల గ్లాసుతో ఏటవాలుగా ఉండేవి, తలకి తగలనివి బాగా అమ్ముతున్నారు. చూడ్డానికి అదిరిపోతాయి, పొడుగు మనుషులకి నుదురు కొట్టుకోదు, నిజమే. కానీ ముందు బర్నరు మీద పొగని పట్టుకోవడంలో అవి వెనకబడతాయి, ఎందుకంటే ఆ బర్నరు పైన కప్పు ఉండదు. పాత పిరమిడ్ మోడలు, లేదా వంపు గ్లాసు ఉన్నది స్టవ్ మొత్తాన్ని కప్పుతుంది. మీ ఇంట్లో గారెలు, బజ్జీలు, చేపల వేపుళ్ళు ఎక్కువైతే అందం పక్కన పెట్టి కప్పు ఉన్నదే తీసుకోండి అంటాను నేను. ఏటవాలుదే కావాలంటే మూకుడు వెనక బర్నరు మీద పెట్టండి, పాలు, టీ ముందు పెట్టుకోండి.

ఎత్తు స్టవ్ పై నుంచి 65 నుంచి 75 సెంటీమీటర్లు, అంటే 26 నుంచి 30 అంగుళాలు. కచ్చితమైన నంబరు మీ మోడల్ మాన్యువల్లో ఉంటుంది, అదే ఫైనల్. ఈ కొలత గట్టు మీంచి కాదు, గిన్నె పెట్టే ఇనుప స్టాండు మీంచి. గట్టులోకి దిగే హాబ్ అయితే పెద్ద తేడా రాదు కానీ గట్టు మీద పెట్టే స్టవ్ అయితే నాలుగైదు అంగుళాలు అక్కడే పోతాయి. మరీ కిందకి దించితే మూకుడులో మంట లేస్తే జిడ్డు ఫిల్టరు అంటుకోవచ్చు, మరీ పైకి పెడితే పొగ చేరేలోపే చెదిరిపోతుంది.

స్టెప్ 6: సక్షన్ ఎంత ఉంటే చాలు

లెక్క కోసం 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు వంటిల్లు అనుకోండి. 800 ఘనపుటడుగులు, సుమారు 22.6 క్యూబిక్ మీటర్లు. గంటకి 15 సార్లు గాలి మారాలన్నా 340 చాలు. మరి 1200 ఎందుకు అమ్ముతున్నారు అంటే, ఒకటి పైపులో పోయే నష్టం, రెండు మన పోపు. ఇంగువ, ఎండుమిర్చి వేడి నూనెలో పడగానే ఒక్క క్షణంలో లేచే పొగని అప్పటికప్పుడు పట్టుకోవాలంటే హుడ్డు దగ్గర లాగుడు గట్టిగా ఉండాలి. అది ఒక అర నిమిషం పని, మిగతా వంటంతా లో స్పీడే చాలు.

నా లెక్క ప్రకారం పైపు పొట్టిగా ఒకే వంపుతో ఉండి వంటింటికి తలుపు ఉంటే 1000 నుంచి 1200 బ్రహ్మాండం. ఓపెన్ కిచెన్, లేదా పైపు పొడుగు తప్పనిసరి అయితే 1200 నుంచి 1400. అంతకు మించి డబ్బులు పెట్టే బదులు అవే డబ్బులు మంచి పైపుకి, పెద్ద హుడ్డుకి పెట్టండి. చప్పుడు గురించి కూడా అడగండి, డెసిబెల్స్ ఏ స్పీడ్‌లో కొలిచారో చెప్పమనండి, లో స్పీడ్ నంబరు రాసి మురిపించేవాళ్ళున్నారు. చప్పుడు ఎక్కువైతే అమ్మలు చిమ్నీ ఆన్ చేయడమే మానేస్తారు, ఇది అన్ని ఇళ్ళల్లో జరిగేదే.

స్టెప్ 7: ఫిల్టరు, ఆటో క్లీన్, మోటరు

పల్చటి అల్యూమినియం జాలీల మెష్ ఫిల్టరు మన వంటకి వారం పది రోజుల్లో పూడుకుపోతుంది, దాన్ని వదిలేయండి. బ్యాఫిల్ ఫిల్టరు అంటే వంపు తిరిగిన స్టీలు పట్టీల వరసలు, పొగ మలుపు తిరిగేటప్పుడు బరువైన నూనె చుక్కలు పట్టీలకి కొట్టుకుని కిందకి కారతాయి, గాలి ముందుకి పోతుంది. సింపుల్, గట్టిది, ఊడదీసి సింకులో కడిగేయొచ్చు. ఫిల్టర్‌లెస్ అంటే మధ్యలో ఏ అడ్డూ లేకుండా నూనెంతా నేరుగా బ్లోయర్‌కి (లోపల గాలి లాగే ఫ్యాన్‌కి) కొట్టుకుని, అది తిరిగే వేగానికి పక్కకి విసిరేసి ట్రేలోకి చేరడం. లాగుడు బాగుంటుంది, కడిగే పని తక్కువ, కానీ లోపల జిడ్డు పట్టిందంటే మనం తీయలేం, మనిషిని పిలవాల్సిందే.

ఆటో క్లీన్ అంటే చిమ్నీ తనంతట తాను కడుక్కుంటుంది అనుకోకండి. లోపల హీటర్ ఉంటుంది, బటన్ నొక్కితే కొన్ని నిమిషాలు వేడెక్కి జిడ్డు కరిగి కింద ట్రేలోకి కారుతుంది. నెలకి రెండుసార్లు చేస్తే పనిచేస్తుంది, ఏడాది మర్చిపోయి చేస్తే గట్టిపడ్డ జిడ్డు కరగదు. ఆ ట్రే ఖాళీ చేయాల్సింది మాత్రం మనమే. బయట బాడీ తుడవాల్సిందీ మనమే.

మోటరు బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటరు) అయితే కరెంటు తక్కువ, చప్పుడు తక్కువ, ధర ఎక్కువ. రోజుకి గంటన్నర వాడేదానికి కరెంటు ఆదాతో ఆ ధర తొందరగా తిరిగి రాదు, చప్పుడు తగ్గాలనుకుంటేనే తీసుకోండి. చేతి ఊపుతో ఆన్ అయ్యే సెన్సర్ మాత్రం నాకు అస్సలు నచ్చదు, గరిటె ఊపినా ఆన్ అవుతుంది. మామూలు బటన్లు కూడా ఉన్నదే కొనండి.

పైపు లేని చిమ్నీ గురించి ఎక్కువ చెప్పను. ఇందులో ఉండే చార్‌కోల్ (బొగ్గు) ఫిల్టరు వాసనని కొంత తగ్గిస్తుంది, నెలల లెక్కన మార్చుకుంటూ ఉండాలి, వేడి, ఆవిరి, గ్యాస్ మండితే వచ్చేవి మళ్ళీ వంటింట్లోకే వస్తాయి. బయటి గోడ దొరకనే దొరకదు అన్నప్పుడు తప్ప దీని జోలికి పోవద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి కొంచెం వేరే కథ

అక్కడ లెక్క సీఎఫ్ఎంలో (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని) ఉంటుంది, ఒక సీఎఫ్ఎం అంటే గంటకి 1.7 క్యూబిక్ మీటర్లు, కాబట్టి మన 1200 అక్కడ సుమారు 700. గోడకి తగిలించే హుడ్డుకి స్టవ్ వెడల్పులో అడుగుకి 100 సీఎఫ్ఎం అని ఒక వాడుక లెక్క ఉంది, 30 అంగుళాల స్టవ్‌కి 250. మన వంటకి 350, 400 చూసుకోండి. 400 దాటితే చాలా చోట్ల బిల్డింగ్ కోడ్ ప్రకారం బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చేయించాలి, అది ఖర్చుతో కూడిన పని. అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైన మైక్రోవేవ్ ఉంటుంది కదా, చాలావరకు అది పొగని పై జాలీలోంచి మన మొహం మీదకే వదులుతుంది. సొంత ఇల్లైతే ఒకసారి పైన కబోర్డు తెరిచి బయటికి పోయే డక్టు (పైపు) ఉందేమో చూడండి, చాలా మోడల్స్‌లో లోపలి బ్లోయర్‌ని తిప్పి బిగిస్తే బయటికి పంపే వీలుంటుంది. డక్టు మాత్రం అక్కడ లోపల నున్నగా ఉండే లోహానిదే వేయాలి, మన దగ్గరలాగా పీవీసీ అంటే ఇన్‌స్పెక్షన్‌లో ఆపేస్తారు. ఇవేవీ కుదరని అద్దె ఇంట్లో వెనక బర్నరు, తెరిచిన కిటికీ, పోపుకి మూత, అంతే. స్మోక్ అలారంకి కవర్ తొడగడం మాత్రం వద్దు.

స్టెప్ 8: షాపులో అడగాల్సినవి, బిగించే రోజు చూడాల్సినవి

ఫేబర్, ఎలికా, గ్లెన్, హిండ్‌వేర్ లాంటివి మన షోరూముల్లో ఎక్కువ కనిపిస్తాయి. పేరు కన్నా మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందా లేదా అన్నది చూడండి. విజయవాడలో కొని అమలాపురంలో బిగిస్తే రిపేరుకి మనిషి ఎన్నాళ్ళకి వస్తాడో అక్కడి వాళ్ళనే కనుక్కోండి. వారంటీ అడిగేటప్పుడు మోటరుకి ఎన్నేళ్ళు, మిగతా పార్టులకి ఎన్నేళ్ళు అని విడివిడిగా అడగాలి, పెద్దక్షరాల్లో రాసేది మోటరుది, ముందు పాడయ్యేది టచ్ ప్యానెల్. ధర అడిగేటప్పుడు బిగింపు చార్జీ, పైపు, బెండ్లు, కౌల్, కోర్ కటింగ్ అన్నీ కలిపి ఎంత అని అడగండి, లేదంటే ఇంటికొచ్చాక ఒక్కోటీ బయటికి వస్తుంది.

ప్లగ్ పాయింట్ హుడ్డు పై భాగంలో, పైపుకి పక్కగా రావాలి, ఎర్త్ ఉన్న మూడు పిన్నులది. స్టవ్ పైన టైల్స్ మీద వైరు వేలాడకూడదు. ఎన్ని ఆంపియర్ల సాకెట్ కావాలో మోడల్ని బట్టి ముందే కనుక్కుని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, హీటర్ ఉన్నవాటికి ఇది ముఖ్యం.

బిగించాక అబ్బాయిని వెంటనే పంపేయకండి. టేప్ పెట్టి ఎత్తు కొలవండి. లెవెల్ చూడండి, ఒక పక్కకి ఒరిగితే నూనె ట్రేలోకి కాకుండా స్టవ్ మీదకి కారుతుంది. పైపు కలిసిన చోట్ల చెయ్యి పెట్టి గాలి బయటికి కొడుతుందేమో చూడండి, కొడితే అల్యూమినియం టేప్ వేయించండి. బయటికి వెళ్ళి కౌల్ రెక్కలు పూర్తిగా లేస్తున్నాయా చూడండి. తర్వాత పైన చెప్పిన అగరబత్తీ పరీక్ష, వాడి ముందే.

స్టెప్ 9: వాడకం

స్టవ్ వెలిగించక ముందే రెండు మూడు నిమిషాలు లో స్పీడ్‌లో పెట్టండి, గాలి ఒక దారిలో పడుతుంది. పోపు వేసే ముందు ఫుల్ చేయండి, వేశాక కాదు. వంటయ్యాక పది నిమిషాలు తిరగనివ్వండి. ప్రెషర్ కుక్కర్ కూడా హుడ్డు కిందే పెట్టండి.

గ్యాస్ వాసన వస్తే మాత్రం చిమ్నీ ఆన్ చేయొద్దు. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు సరికదా స్విచ్‌లో వచ్చే స్పార్క్‌తో అంటుకోవచ్చు. పైపు గ్యాస్ తేలికే కానీ దానికీ ఇదే రూలు. ఏ స్విచ్చీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి తలుపులు కిటికీలు తెరవడమే.

బ్యాఫిల్ ఫిల్టరు రెండు మూడు వారాలకోసారి మరిగే నీళ్ళలో గిన్నెల సబ్బు, కాస్త వంట సోడా వేసి అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. పైపుని ఏడాదికోసారి విప్పించి చూడండి. ఇంటికొచ్చే క్లీనింగ్ వాళ్ళు కొందరు కాస్టిక్ సోడా వాడతారు, స్టీలుకి పర్లేదు గాని అల్యూమినియం ఫిల్టరు, అల్యూమినియం బ్లోయర్ ఉంటే దాన్ని తినేస్తుంది, నల్లబడి చిల్లులు పడతాయి. డబ్బా మూత తీయకముందే ఏం కలుపుతున్నావు బాబూ అని అడగండి.